చింపాంజీ తినే ఆకు, హారిక ఎడమ చెయ్యి

టెక్సాస్‌లో, మా ప్లేనోలో ఏ గృహప్రవేశానికి వెళ్ళినా, తలా ఒక వంట తెచ్చుకునే ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా, కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను ఒకటే అడుగుతారు. "ఆంటీ, రిటైర్ అవ్వకముందు మీరు ఏ కంపెనీ? ఏ టెక్నాలజీ?"

"టెక్నాలజీ ఏమీ లేదు నాయనా, కోతులు తినే ఆకులు రుబ్బి జీతం తీసుకున్నాను" అంటాను. నవ్వుతారు. అందులో ఒక తప్పుంది. చింపాంజీ కోతి కాదు, దానికి తోక లేదు. ఎవరైనా దిద్దుతారేమోనని ఆ తప్పు కావాలనే చేస్తాను. ఇంతవరకూ ఒక్కరూ దిద్దలేదు.

ఈ మధ్య కెమిస్ట్రీ, ఫార్మసీ చదవడానికి ఇక్కడికొచ్చే మనవాళ్ళు బాగా కనిపిస్తున్నారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. రెజ్యుమె ఎలా రాయాలో నన్ను అడక్కండి. నాకు ఎన్ని ప్రమోషన్లు వచ్చాయో మా ఆయనకే గుర్తు లేదు. ల్యాబ్‌లో అసలు పని ఏమిటో, అందులో ఎక్కడ తల వంచాలో, ఎక్కడ వంచకూడదో నాకు తెలిసినంత చెప్తాను. కొందరికి ఇది నచ్చదు. నచ్చకపోతే పోనీ.

మేడిపండు మీద నా అభిప్రాయం

మాది చిన్న ప్రైవేటు ల్యాబ్. ఓనర్ పేరు రిక్. మూలికల కాప్సూల్స్ అమ్మే కంపెనీలు తమ సరుకు మాకు పంపేవి. సీసా మీద రాసింది సీసా లోపల ఉందా లేదా అని మేం చూసేవాళ్ళం. పసుపు పొడిలో పసుపు ఎంత, పిండి ఎంత. అశ్వగంధ అన్నదాంట్లో వేరు ఎంత, గడ్డి ఎంత. నూటికి తొంభై పాళ్ళు ఇదే పని. బోర్ కొడుతుందని ముందే చెప్తున్నాను.

ఆ బోర్ మధ్యలో ఎలెన్ వచ్చింది. ఆవిడ యూనివర్సిటీ మనిషి. ఉగాండా అడవుల్లో చింపాంజీల వెనక నడిచి, అవి ఏం తింటాయో చూసి, అదే కొంత కోసి, అనుమతులు తీసుకుని మా దగ్గరికి పంపేది. ఆవిడ పంపిన వాటిలో ఎక్కువ భాగం మేడి జాతివే. మన మేడి, జువ్వి, రావి ఉన్నాయి చూడండి, అక్కడ ఆ కుటుంబంలో బోలెడు రకాలు. ఒక్కో చెట్టు ఒక్కో సమయంలో కాస్తుంది. అడవిలో మిగతా పళ్ళు లేని రోజుల్లో కూడా ఎక్కడో ఒక మేడిచెట్టు పండి ఉంటుంది. అందుకే చింపాంజీలకు అది అన్నం లాంటిది.

పచ్చికాయ వగరు. ఆ వగరు టానిన్లది. నాలుకను పట్టేసినట్టే అవి కడుపులో మాంసకృత్తులను కూడా పట్టేస్తాయి. కాయ తుంచితే కారే పాలలో మాంసాన్ని కరిగించే ఎంజైములు ఉంటాయి. పండేకొద్దీ వగరు తగ్గి, చక్కెర పెరుగుతుంది. సున్నం, అంటే కాల్షియం, కూడా దండిగా ఉంటుంది, ఎముకలకు మంచిది. ఇక లోపల పురుగులు.

మొదటిసారి పళ్ళు కోసినప్పుడు రిక్ నా వెనకే నిలబడి చూశాడు. గింజల మధ్య చిన్న చిన్న కందిరీగలు.

"వాటిని ఏరేసి టెస్ట్ చెయ్యి, వస్. రిపోర్ట్ క్లీన్‌గా ఉంటుంది" అన్నాడు. నా పేరు వసుంధర. అతని నోటికి అంతవరకే తిరిగేది.

"చింపాంజీ ఏరి తింటోందా?" అన్నాను.

"సరే, ఉంచు" అన్నాడు రిక్.

మనవాళ్ళు మేడిపండును తిట్టుగా వాడతారు. పైకి నిగనిగ, లోపల పురుగులు అని. నేను చచ్చినా ఒప్పుకోను. ఆ కందిరీగ లోపలికి దూరి పుప్పొడి అంటించకపోతే ఆ చెట్టుకు విత్తనమే లేదు. పురుగు ఉందని పండును తిట్టేవాళ్ళు పండు గురించి ఏమీ తెలియనివాళ్ళు. ఈ మాట పురోహితుల ముందు కూడా అన్నాను, ఒకసారి మా ఇంటి సత్యనారాయణ వ్రతంలో. మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు.

ఆ రోజు నుంచి మా ల్యాబ్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాను. తినేవాడు ఎలా తింటాడో అలాగే టెస్ట్ చెయ్యాలి. కడిగి తింటే కడగండి, ఒలిచి తింటే ఒలవండి. చింపాంజీ కడగదు. కాబట్టి మనమూ కడగకూడదు. రిపోర్ట్‌లో కూడా మన కళ్ళతో చూసిందే రాయాలి.

రిక్

రిక్‌ని నేను చెడ్డవాడని రాయను. నా వీసా స్పాన్సర్ చేసింది అతనే. మా అమ్మాయి పుట్టినప్పుడు హాస్పిటల్‌కి పూలు పట్టుకొచ్చాడు. ఉప్పు తిన్నదాన్ని, మరిచిపోలేదు. ల్యాబ్ చిన్నగా ఉన్నన్నాళ్ళూ అతను మంచి కెమిస్ట్. పెద్దదైన తర్వాత మంచి సేల్స్‌మన్ అయ్యాడు. ఆ రెండూ ఒకే మనిషిలో ఇమడవని నా అనుభవం. ఇముడుతాయని మీకు ఎవరైనా చెప్తే నమ్మకండి.

నా చివరి సంవత్సరాల్లో అతని దగ్గరికి ఒక కాప్సూల్ కంపెనీ వచ్చింది. జబ్బు చేస్తే చింపాంజీలు తమకు తామే మందు ఆకులు తింటాయని వాళ్ళు ఎక్కడో చదివారు. ఒక గరుకాకు మేడి ఉంది. ఆకు ఉప్పుకాగితంలా ఉంటుంది. ఆ చెట్లు ఫ్లోరిడాలో గ్రీన్‌హౌస్ వేసి పెంచి, ఆకులు ఐస్‌లో పెట్టి మాకు పంపారు. పొట్టకు మేలు చేస్తుందని సీసా మీద రాయాలి, దానికి మా ల్యాబ్ రిపోర్ట్ కావాలి.

నేను ఎలెన్‌కి ఫోన్ చేశాను. ఆవిడ నవ్వింది.

"నేను చూసినవి తెల్లవారగానే, ఏమీ తినకముందు, ఆ ఆకు తీసుకుంటాయి. నమలవు. నాలుకతో మడిచి మింగుతాయి, ముఖం వికారంగా పెట్టి. కొన్ని మింగి ఆపేస్తాయి. ఆ గరుకు లోపల పురుగుల్ని ఈడ్చుకుపోతుందని మా అనుమానం" అంది.

"రోజూ తింటాయా?"

"రోజూ ఎందుకు తింటాయి? వాటికి పిచ్చా?"

మా పరీక్షల్లో ఆ ఆకు రసం బ్యాక్టీరియాను అణచిన మాట నిజం. నేను కాదనలేదు. కానీ అందులో ఇంకో సరుకు కూడా ఉంది. ఫ్యూరనోకూమరిన్లు అంటారు. చీకట్లో సాధువుల్లా ఉంటాయి. చర్మం మీద ఉండగా ఎండ తగిలితే మాత్రం కాల్చేస్తాయి. నేను టెస్ట్ గ్రాఫ్ మీద వాటి గుర్తుగా లేచిన శిఖరాన్ని చూసి ఒక గీత గీసి, రిపోర్ట్‌లో రాయాలని పక్కన పెట్టుకున్నాను.

హారిక

హారిక కరీంనగర్ అమ్మాయి. ఇక్కడే మాస్టర్స్ చేసి, చదువయ్యాక కొన్నాళ్ళు మాత్రం ఉద్యోగం చెయ్యనిచ్చే ఓపీటీ మీద మా ల్యాబ్‌లో చేరింది. చెయ్యి చాలా శుభ్రం. గ్లాస్ సామాను కడిగితే కొత్తదానిలా ఉండేది. ఆ శుభ్రమే కొంప ముంచింది.

ఫ్లోరిడా నుంచి వచ్చిన ఒక పెట్టెలో ఆకులకు మట్టి అంటుకుని ఉంది. ఆ రోజు నేను సెలవు. పిల్ల ఆ ఆకుల్ని సింక్‌లో వేసి, ఇంట్లో తోటకూర కడిగినట్టు, రెండు మూడు నీళ్ళు మార్చి కడిగింది. ఆ గరుక్కి గ్లవ్స్ చిరిగిపోతుంటే తీసేసి, ఉత్తి చేతులతో ఆకు ఆకూ రుద్దింది. కాడల దగ్గర కారిన పాలు కూడా పోయేదాకా రుద్దింది. మన ఇళ్ళల్లో పెరిగిన పిల్ల తప్ప ఇంకెవరూ అంత ఓపిగ్గా చెయ్యరు. మా ల్యాబ్‌లోని అమెరికన్ కుర్రాళ్ళయితే మట్టితో సహా గ్రైండర్‌లో పడేసేవాళ్ళు, అది కరెక్ట్ అయ్యేది.

రెండు రోజులకు ఆమె ఎడమ చెయ్యి పొంగింది. మణికట్టు నుంచి వేళ్ళ దాకా బొబ్బలు. ముంజేతి మీద చారలు చారలుగా ఎరుపు. కుడిచెయ్యికి ఏమీ లేదు. అర్జెంట్ కేర్‌లో ఎలర్జీ అని ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపారు.

"ఏం ముట్టుకున్నావమ్మా?" అన్నాను.

"ఏం లేదు ఆంటీ. ఆకులు కడిగిన, అంతే. అవైతే రెండు చేతులతోని కడిగిన కదా. ఆకులదే అయితే రెండు చేతులకూ రావాలె."

ఆ పిల్ల లాజిక్ సరైనదే. నాక్కూడా ఆ పూటంతా అంతు పట్టలేదు. ఇంటికి డ్రైవ్ చేస్తుంటే తెలిసింది. సాయంత్రం ల్యాబ్ నుంచి ప్లేనోకి మా దారి ఉత్తరంగా. ఇక్కడ డ్రైవర్ సీటు ఎడమ పక్క. పడమటి ఎండ ఆ కిటికీలోంచి వచ్చి ఎడమ చేతి మీద పడుతుంది. స్టీరింగ్ మీద ఉన్న నా ఎడమ చెయ్యి భగ్గుమంటోంది, కుడిచెయ్యి ఒళ్ళో నీడలో ఉంది. ఆకులు కడిగిన రోజు హారిక కూడా అదే దారిలో, అదే ఎండలో, అపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది. కిటికీ అద్దం ఆ రకం ఎండను ఆపలేదు.

అప్పుడు మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడకు బొల్లి మచ్చలు ఉండేవి. చీరాలలో వైద్యుడు బావంచాలు నూరి రాసి ఎండలో కూర్చోమనేవాడు. మచ్చలు తగ్గుతున్నాయన్న ఆశతో ఒకరోజు ఎక్కువసేపు కూర్చుంది. మోచేతుల మీద ఇలాంటి బొబ్బలే. బావంచాల్లో ఉన్నదీ, ఈ ఆకులో ఉన్నదీ ఒకే ఇంటి పిల్లలు. మందు అవునా అంటే అవును. ఎంత, ఎప్పుడు, ఎంతసేపు అన్నది తెలియకపోతే కాల్చుతుంది.

మర్నాడు హారికకు చెప్పాను. ఆ పిల్ల మొహం తెల్లబోయింది. చెయ్యి గురించి కాదు.

"ఆంటీ, ఇది రిపోర్ట్‌ల రాయకండి. ప్లీజ్. కడగొద్దని మీరు చెప్పిన్రు, నేను మరిచిపోయిన. గ్లవ్స్ తీసిన. రిక్‌కి తెలిస్తే సేఫ్టీ ఇష్యూ అంటడు. మార్చిలో నా పేరు వర్క్ వీసా లాటరీకి వేస్తా అన్నడు. వెయ్యకపోతే నా ఓపీటీ అయిపోతది."

"సరే, నీ చెయ్యి రాయను. కానీ ఆకు కాల్చుతుందన్నది రాస్తాను. అది రాయకుండా సంతకం పెట్టను" అన్నాను.

"మీకేం ఆంటీ, సిటిజన్. మీరు ధైర్యంగ ఉంటరు. నేనెక్కడికెళ్ళి తేవాలె ధైర్యం?"

ఆ మాట సూటిగా తగిలింది. చెప్పింది నిజం కాబట్టి కోపం తెచ్చుకోలేకపోయాను. ఇక్కడ మన పిల్లల చేత తప్పుడు పనులు చేయించడానికి ఎవరూ కత్తి చూపించక్కర్లేదు. మార్చి నెల పేరు ఎత్తితే చాలు.

సంతకం

రిపోర్ట్‌లో ఎండ గురించిన పేరా రిక్ ఎర్ర గీతతో కొట్టేసి పంపాడు. నేను తిరిగి పెట్టాను. మళ్ళీ కొట్టేశాడు. చివరికి అతని రూమ్‌లోకి వెళ్ళి కూర్చున్నాను.

"వాళ్ళు పొట్ట గురించి అడిగారు, వస్. ఎండ గురించి ఎవరు అడిగారు?"

"మింగే మనిషి ఎండలో తిరగడా? ఇది టెక్సాస్."

"మన ల్యాబ్‌లో ఎవరికైనా కాలిందా? చూపించు. లేదా? అయితే ఇది పుస్తకాల్లో సంగతి. మనం చూసిందే మనం రాస్తాం. ఆ పద్ధతి పెట్టింది నువ్వే కదా?"

నా మాటే నా మీదికి తిప్పాడు. చూపించడానికి నా దగ్గర ఉన్నది ఒక్క హారిక చెయ్యి. అది నాది కాదు. ఒళ్ళు మండిపోయింది.

"అయితే ఇంకెవరి చేతనైనా సంతకం పెట్టించుకో" అన్నాను.

"హారిక పెడుతుంది" అన్నాడు తొణక్కుండా. "తనకూ ఒక మంచి రిపోర్ట్ మీద పేరు ఉండాలి కదా."

ఎంత తియ్యగా అన్నాడో. నేను బయటికొచ్చి నా డెస్క్ దగ్గర కూర్చుని, ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాలా వద్దా అని చాలాసేపు తన్నుకులాడాను. వెళ్ళలేదు. సంతకం పెట్టొద్దని చెప్పే హక్కు నాకుందని అనుకోలేదు. పెడితే తిట్టకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను.

తర్వాతి వారం కాప్సూల్ కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. మంచి సూట్, మంచి నవ్వు. మీటింగ్ రూమ్‌లో రిక్, నేను, స్లైడ్లు తిప్పడానికి హారిక. హారిక పొడుగు చేతుల కోటు వేసుకుని ఉంది. ఆమె ముందు సంతకం పెట్టాల్సిన పేజీ ఉంది. బొబ్బలు ఎండిపోయినా, అవి ఉన్నచోట నల్లటి మచ్చలు దిగిపోయాయి.

బ్యాక్టీరియా స్లైడ్లు అయ్యాయి. ఆవిడ చాలా సంతోషపడింది. చివర్లో అడిగింది, "సైడ్ ఎఫెక్ట్స్ ఏమైనా?"

"మా ల్యాబ్‌లో అలాంటివేవీ మేం చూడలేదు" అన్నాడు రిక్.

నేను నోరు తెరిచాను. నా మాట బయటికి రాకముందే హారిక లేచి నిలబడింది. ఎడమ చేతి కోటు మోచేతి దాకా లాగి, ఆ చెయ్యిని బల్ల మీద, ఆ పేజీ పక్కన, పెట్టింది.

"చూశాం" అంది ఇంగ్లీషులో. "ఇది ఆ ఆకులు కడిగిన చెయ్యి. తప్పు నాదే, గ్లవ్స్ తీసేశాను. తర్వాత ఎండలో డ్రైవ్ చేశాను. రెండు రోజులకి ఇలా అయింది. మీరు ఈ ఆకుని ఎవరికైనా రోజూ మింగమని అమ్మేముందు ఇది తెలియాలి."

ఆవిడ ఆ చెయ్యి వైపు వంగి చూసింది. "మరి చింపాంజీలు ఎలా తింటున్నాయి?"

"కొన్నే తింటాయి. తర్వాత ఆపేస్తాయి. సీసా కొన్నవాళ్ళు ఆపరు."

ఎలెన్ చెప్పింది నేనే హారికకు చెప్పాను. అంత పొట్టిగా నేను మాత్రం చెప్పగలిగేదాన్ని కాదు. కంపెనీ ఆవిడ తన పెన్ మూత పెట్టేసింది. ఫ్లోరిడా నుంచి మళ్ళీ పెట్టెలు రాలేదు.

మార్చి

రిక్ ఎవర్నీ తిట్టలేదు, ఎవర్నీ తీసెయ్యలేదు. ఎండ పేరా ఉన్న పూర్తి రిపోర్ట్ మీద నేను సంతకం పెట్టి ఇచ్చాను, హారిక చెయ్యి సంగతి కూడా ఆమె అంగీకారంతో చేర్చి. "ఇంక రెస్ట్ తీసుకుంటావా, వస్?" అని అడిగాడు. తీసుకుంటానన్నాను. రిటైర్మెంట్ కేక్ కోశారు. నేను తినలేదు. షుగర్ ఉందని చెప్పాను, లేదు నాకు.

మార్చిలో లాటరీకి హారిక పేరు వెయ్యలేదు. ఈసారి బడ్జెట్ లేదని ఈమెయిల్ పెట్టాడు. ఆ పిల్ల ఊరూరా అప్లై చేసింది. ఉన్న ఉద్యోగం ఎందుకు మానేస్తున్నావని అడిగిన ప్రతిచోటా జరిగింది చెప్పింది. "అట్ల చెప్పకు, గ్రోత్ కోసం అని చెప్పు" అని రూమ్‌మేట్లు చాలా నూరిపోశారట. వినలేదు. కొన్నిచోట్ల అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయేది. ఓపీటీ గడువు దగ్గర పడ్డాక మిషిగన్‌లో, నోవైలో కార్ల పెయింట్ టెస్ట్ చేసే ల్యాబ్‌లో దొరికింది. వచ్చే లాటరీలో పేరు వస్తుందో రాదో నాకు తెలియదు. రాకపోతే వెళ్ళిపోవాలి. దీనికి మంచి ముగింపు కావాలని మీరు చూస్తుంటే నా దగ్గర లేదు.

మీలో కొందరు ఇప్పుడే లెక్కలు వేస్తుంటారు. ఆ పిల్ల ఊరుకుంటే సరిపోయేది కదా, సీనియర్ ఆంటీ ఎలాగూ చెప్పబోతోంది కదా అని. మా పాట్‌లక్‌లో ఒకాయన నా మొహం మీదే అన్నాడు, "మీ సత్యసంధతకు ఆ అమ్మాయి బలైంది" అని. ఆయనకు అన్నం వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టేసి, వడ్డించుకోమని చెప్పి వచ్చేశాను. ఆ పిల్లను బలి అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. కెమిస్ట్ చెయ్యాల్సిన పని చేసింది. బలి కోరినవాడి పేరు ఎత్తరు గానీ, నిలబడినవాళ్ళకు మాత్రం జాలి పంచుతారు.

అయినా మనసు ఊరుకోదు కదా. హారిక నోవైకి బయల్దేరుతున్న ఉదయం, వాళ్ళ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సామాను సర్దుతుంటే పులిహోర డబ్బా ఇవ్వడానికి వెళ్ళాను. వెళ్ళినదాన్ని ఇచ్చి ఊరుకోవచ్చుగా.

"ఆ రోజు నేను నోరు తెరిచాను కూడా హారికా. నువ్వు ఇంకొక్క క్షణం ఆగుంటే నేనే చెప్పేదాన్ని. నీ పేరు లాటరీలో ఉండేది" అన్నాను.

ఆ పిల్ల కారు ట్రంక్‌లో రైస్ కుక్కర్ ఇరికిస్తూ, తల కూడా ఎత్తకుండా అంది:

"మీరు చెప్తే అది ఒపీనియన్ అని కొట్టేసేటోడు ఆంటీ. నా చెయ్యిని ఏమని కొట్టేస్తడు?"